నిద్ర గోలీ రాసేముందు రెండు వారాల డైరీ అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను ఖమ్మంలో ఒక మెడికల్ షాపులో ఫార్మసిస్టుగా చేస్తున్నా. నిద్ర పట్టట్లేదని కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్ల చేతుల్లో చీటీలు చూస్తే చాలా బాధేస్తుంది. మడతల దగ్గర చిరిగిపోయి, ప్లాస్టిక్ కవర్లో దాచుకున్న చీటీ, అందులో ఏళ్ల కింద ఎవరో డాక్టరు వారం రోజులకని రాసిన ఆల్ప్రాజోలం అనే మత్తు గోలీ, ఇప్పటికీ దాన్నే పట్టుకుని షాపుషాపు తిరుగుతున్నారు. పాత చీటీ మీద ఇవ్వకూడదమ్మా అంటే ఒక పెద్దమ్మ "అర గోలీ అన్నా ఇయ్యి బాబూ, లేకపోతే రాత్రంతా దొర్లుడే" అని అక్కడే కూర్చుండిపోయింది. ఆమెని తప్పుపట్టడానికి ఏం లేదు, నిద్ర ఎందుకు పట్టట్లేదో ఆమెని ఇంతవరకు ఎవరూ అడగలేదు, అంతే.

వారానికి కనీసం 3 రాత్రులు, 3 నెలలకి పైగా, పడుకోవడానికి టైమ్ ఉండి కూడా నిద్ర పట్టకపోయినా, మధ్యలో మెలకువొచ్చి మళ్లీ పట్టకపోయినా, దానివల్ల పగలు పని దెబ్బతింటుంటే దాన్ని క్రానిక్ ఇన్సోమ్నియా అంటారు. ఇది తేల్చడానికి స్కానింగులు అక్కర్లేదు, ముఖ్యంగా కావాల్సింది ఓపిగ్గా అడగడం, రెండు వారాలు స్లీప్ డైరీ, అంటే రోజూ ఎప్పుడు పడుకున్నారో, ఎంతసేపు నిద్రపోయారో రాయించడం. గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టుంటే స్లీప్ అప్నియా కావచ్చు, అప్పుడు స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరి ఎలా ఆడుతుందో చూసే పరీక్ష కావాలి, అలాంటివాళ్లకి ఈ గోలీలు ఇంకా ప్రమాదం. కాళ్లు గుంజి కదపకుండా ఉండలేకపోతే ఐరన్ చూడాలి. థైరాయిడ్, డిప్రెషన్, షుగర్ వల్ల రాత్రిళ్లు ఒంటేలుకి లేవడం, వాడుతున్న వేరే మందులు, ఇవన్నీ అడిగితేనే బయటపడతాయి.

ట్రీట్‌మెంట్ సంగతికొస్తే, 2016లోనే అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ పెద్దవాళ్లకి ముందు ఇవ్వాల్సింది గోలీ కాదు, సీబీటీ-ఐ అనే కౌన్సెలింగ్ పద్ధతి అని గైడ్‌లైన్ ఇచ్చింది. మన ఇళ్లల్లో నిద్ర పట్టట్లేదంటే పెందలాడే పడుకో అంటాం కదా, ఇందులో సరిగ్గా దానికి రివర్స్. రాత్రి తొమ్మిదికి మంచమెక్కి పొద్దున ఆరు దాకా ఉంటూ డైరీలో నిద్ర ఐదున్నర గంటలే తేలితే, మంచం మీద ఉండే టైమే ఐదున్నరకి తగ్గిస్తారు, పన్నెండుకి పడుకుని ఐదున్నరకి కచ్చితంగా లేవాలి, పగలు కునుకు తీయకూడదు. మంచం మీదున్న టైమ్‌లో 85 శాతం పైన నిద్ర పడుతుంటే ఒక్కో వారం 15 నిమిషాలు పెంచుకుంటూ పోతారు, ఐదు గంటల కంటే మాత్రం తగ్గించరు. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి వేరే గదిలో కూర్చుని, కళ్లు మూతలు పడుతున్నప్పుడే మళ్లీ వెళ్లాలి. మొదటి రెండు వారాలు నిజంగా కష్టంగానే ఉంటుంది, ఫిట్స్ ఉన్నవాళ్లు, బైపోలార్ ఉన్నవాళ్లు, బండ్లు నడిపేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా సొంతంగా మొదలుపెట్టొద్దు.

ఏళ్ల తరబడి గోలీ వాడుతున్నవాళ్లు ఈ లెటర్ చదివి ఇవాళే మానేయొద్దని చేతులెత్తి వేడుకుంటున్నా. మన దగ్గర కల్తీ కల్లులో కలిపేదీ ఈ ఆల్ప్రాజోలమే, ఆ కల్లు ఒక్కసారిగా దొరక్కపోతే జనం చేతులు వణికి, ఫిట్స్ వచ్చి ఆస్పత్రుల్లో పడటం తెలంగాణ జిల్లాల్లో అందరం చూశాం. గోలీ కూడా అంతే, డాక్టర్ చెప్పినట్టు కొద్దికొద్దిగానే తగ్గించాలి. వయసు మళ్లినవాళ్లు వీటి మత్తులో రాత్రి బాత్రూమ్‌కి లేచి పడిపోయి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటున్నారు. ఆల్ప్రాజోలం షెడ్యూల్ హెచ్‌1 మందు, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని లిస్టులోది, డాక్టర్ పేరు, పేషెంట్ పేరు, ఎన్ని ఇచ్చామో రిజిస్టర్లో రాసి 3 ఏళ్లు ఉంచాలి, మా షాపులవాళ్లం దీన్ని పట్టించుకుంటేనే సగం సమస్య తగ్గుతుంది. మిగతా సగం ప్రభుత్వం చూడాలి, పీహెచ్‌సీల్లో, బస్తీ దవాఖానాల్లో బీపీ షుగర్ చూసే నర్సులకే ఈ పద్ధతి నేర్పిస్తే చాలామంది సైకాలజిస్టు కోసం సిటీకి పోనక్కర్లేదు. మనసు బాలేక నిద్ర పట్టనివాళ్లకి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.

ఎడిటర్ గారూ, మీకు ఒక్క రిక్వెస్టు. మీ హెల్త్ పేజీలో ఒకసారి స్లీప్ డైరీ తెలుగులో వేయండి, పడుకున్న టైమ్, నిద్ర పట్టిన టైమ్, ఎన్నిసార్లు మెలకువొచ్చింది, లేచిన టైమ్, పగటి కునుకు, టీ కాఫీలు, వేసుకున్న గోలీలు, ఇన్ని గళ్లు చాలు. మా షాపుకొచ్చే వాళ్లందరికీ జిరాక్స్ తీసి నేనిస్తా.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు, ఖమ్మం