ఎనిమిదో నంబరు సూది చేసిన పని

హైదరాబాదు,
ఆదివారం మధ్యాహ్నం

ఒసే పద్దూ,

ఫొటోలు చేరాయి. స్వెట్టరు ముచ్చటగా ఉంది, కాదనను. కానీ అది ఏడాది పిల్లాడికి కాదే, నాలుగేళ్ళవాడికి పడుతుంది! నీ చెయ్యి వదులు అని నువ్వు తిట్టుకుంటున్నావు గానీ తప్పు నీ చేతిది కాదు, నేను రాసి పంపిన కాగితానిది. "8వ నంబరు సూదులు" అని రాసి ఊరుకున్నాను. నువ్వు షికాగోలో కొట్టుకెళ్ళి 8వ నంబరే అడిగి తెచ్చుకున్నావు.

మన దగ్గర సూదుల నంబర్లు పాత ఇంగ్లండు లెక్క. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికా లెక్క తలకిందులు, నంబరు పెరిగితే లావవుతుంది. మన 8 అంటే 4 మిల్లీమీటర్లు, మీ 8 అంటే 5. నాకు కావలసింది మీ 6. రిబ్బుకి, అదే అంచుల్లో సాగే పట్టీకి, నేను రాసిన 10 మీ దగ్గర 3, అంటే 3.25 మిల్లీమీటర్లు. సాక్సుల 13 మీకు 1, అది 2.25. ఒక్క 7 మాత్రం రెండు దేశాల్లోనూ 4.5 మిల్లీమీటర్లే, ఆ నంబరు దగ్గర ఎవరూ మోసపోరు. ఇక మీదట మిల్లీమీటర్లలోనే రాస్తాను.

ఆ ఒక్క మిల్లీమీటరుకి ఎంత తేడా వచ్చిందో చూడు. ఒంటికి మొత్తం 118 కుట్లు. పది సెంటీమీటర్లకి 22 కుట్లు పడితే చుట్టుకొలత 53.6 సెంటీమీటర్లు. నీ ఫొటోలో స్కేలు పక్కన లెక్కపెట్టాను, 18 పడ్డాయి. అంటే 65 దాటింది. విప్పకు, దాచిపెట్టు, పెద్దయ్యాక వేసుకుంటాడు. మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు నేను ఆ డిజైనులో ఏం మార్చానో, ఎందుకు మార్చానో తెలిస్తే నీ సైజుకి నువ్వే మార్చుకోగలవు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది, కాఫీ పెట్టుకుని కూర్చో.

అసలు డిజైను ఊలుకి రాసింది. మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి అల్లే రాగ్లాన్, అంటే మెడ నుంచి చంకల దాకా ఏటవాలుగా కుట్లు పెంచుతూ ఒళ్ళూ చేతులూ కలిపి అల్లే రకం. పది సెంటీమీటర్లకి 22 కుట్లు, 30 వరసలు. వేసవికి మనవణ్ణి తీసుకుని ఇక్కడికి వస్తున్నారు కదా, ఏప్రిల్లో ఊలు వేస్తే పిల్లాడికి చెమటకాయలు తప్పవు. ఏసీ గదికైనా నూలే మేలు. దారం కొనేటప్పుడు గ్రాములు చూడకు, మీటర్లు చూడు. డిజైనులో అడిగింది 50 గ్రాముల ఊలు ఉండలు మూడు, ఉండకి 115 మీటర్లు, మొత్తం 345. నూలు బరువెక్కువ. నాకు దొరికిన 50 గ్రాముల ఉండలో 85 మీటర్లే ఉంది. నాలుగు కొంటే 340, ఐదు మీటర్లు తక్కువ. అందుకని ఐదు. అన్నీ ఒకే రంగు లాటువి, అంటే ఒకేసారి రంగు వేసినవి, కాకపోతే రెండు ఉండలు పక్కన పెట్టుకుని రెండేసి వరసలు మార్చి మార్చి అల్లు, తేడా కనిపించదు.

శాంపిల్ ముక్క 30 కుట్లు, 40 వరసలు తక్కువ కాకుండా అల్లు. అల్లగానే కొలిస్తే నాకూ అచ్చం 22, 30 వచ్చాయి. సంబరపడి మొదలుపెట్టేస్తే కొంప మునిగేదే. తడిపి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, కింది అంచుకి నాలుగు బట్టల క్లిప్పులు తగిలించి దండెం మీద ఆరేశాను. మర్నాటికి 22 కుట్లు అలాగే ఉన్నాయి, వరసలు మాత్రం 26 అయ్యాయి. ఊలుకి సాగి వెనక్కి వచ్చే గుణం ఉంది, నూలుకి లేదు. దాని బరువే దాన్ని కిందికి లాగుతుంది. క్లిప్పులు అందుకే, స్వెట్టరు ఒంటి మీద వేలాడినప్పటి సంగతి ముందే తెలుస్తుంది.

కుట్ల గేజ్, అంటే పది సెంటీమీటర్లకి పడే లెక్క, కలిసింది కదా, వరసలు ఎలా ఉంటే ఏం అని చాలామంది వదిలేస్తారు. మిగతా డిజైన్లలో పరవాలేదు, ఇన్ని సెంటీమీటర్లు వచ్చేదాకా అల్లు అంటారు కాబట్టి. రాగ్లాన్లో అలా కాదు. మెడ నుంచి చంక దాకా ఎంత లోతు వస్తుందో వరసలే చెబుతాయి. ఇందులో మెడ దగ్గర 58 కుట్లు ఎక్కించాలి: ముందు భాగాలు పదేసి, చేతులు ఎనిమిదేసి, వీపు 22. వరస విడిచి వరస 8 కుట్లు పెంచుతూ 17 సార్లు పెంచాలి. అంటే 34 వరసలు. ఊలుకి అది 11.3 సెంటీమీటర్లు, నా నూలుకి 13.1. ఏడాది పిల్లాడికి చంక దాదాపు రెండు సెంటీమీటర్లు కిందికి జారితే చెయ్యి ఎత్తినప్పుడల్లా స్వెట్టరంతా పైకి లేస్తుంది.

పోనీ 15 సార్లే పెంచి ఆపేద్దామంటే, లోతు 11.5 సెంటీమీటర్లకి వచ్చి కుదురుతుంది గానీ కుట్లు తక్కువ పడతాయి. వీపుకి 4, ఒక్కో ముందు భాగానికి 2, ఒక్కో చేతికి 4. ఇక్కడే ఒక తమాషా ఉంది. డిజైనులో ఒక్కో చంక కింద 4 కుట్లు కొత్తగా ఎక్కించమంటారు. వాటిని 8 చెయ్యి. అదనంగా వచ్చిన నాలుగింట్లో రెండు వీపు వైపుకి, రెండు ముందు వైపుకి పోతాయి. రెండు చంకలకీ కలిపి వీపుకి 4, ముందు భాగాలకి రెండేసి. ఆ తర్వాత చెయ్యి అల్లడానికి అవే చంక కుట్లు తిరిగి ఎత్తుకుంటావు కాబట్టి చేతికీ 4 దొరుకుతాయి. ఒంటికి 25, 8, 52, 8, 25, మొత్తం 118. చేతికి 38, 8 కలిపి 46. డిజైనులో ఉన్న అంకెలే! మానేసిన ఒక్కో పెంపుకి ఒక్కో చంకలో రెండేసి కుట్లు, అంతే లెక్క. చంక కింద కాస్త వెడల్పు రావడం వల్ల అక్కడ ముడతలు కూడా పడవు. అలాగని నాలుగైదు పెంపులు మానేయకు, చంక కింద సంచీలా వేలాడుతుంది. అంత తేడా ఉంటే సూదే మార్చుకోవాలి.

చేతులకి ఆరు వరసలకోసారి తగ్గించమని రాసి ఉంటుంది, నువ్వు ఐదుకోసారి తగ్గించు. 16 సెంటీమీటర్ల చెయ్యికి ఊలులో 48 వరసలైతే మనకి 42 చాలు. ఒంటి పొడవు మాత్రం చెప్పినదానికంటే ఒక సెంటీమీటరు ముందే ఆపు. ఎలాగూ సాగుతుంది.

బొత్తాల పట్టీ వంకరపోయిందన్నావు, దానికీ ఇదే కారణం. అంచు వెంట నాలుగు వరసలకి మూడు కుట్లు ఎత్తమని డిజైను చెబుతుంది. 22ని 30తో భాగిస్తే ముప్పావుకి దగ్గరగా వస్తుంది కదా, అందుకని. మనకి 22ని 26తో భాగించాలి, 0.85 వస్తుంది. ఆరు వరసలకి ఐదు ఎత్తు. తక్కువ ఎత్తితే పట్టీ బిగిసి స్వెట్టరు ముందు భాగాన్ని పైకి లాగుతుంది, ఎక్కువైతే కుచ్చిళ్ళు పడుతుంది.

నూలుతో రెండు నిట్ (సూటి కుట్టు), రెండు పర్ల్ (తిరగేసిన కుట్టు) రిబ్బు వేస్తే నాలుగు ఉతుకులకి గంటలా విచ్చుకుంటుంది. ఒకటి నిట్, ఒకటి పర్ల్ వెయ్యి, నిట్‌ని వెనక కాలులోంచి, అంటే కుట్టులో సూదికి వెనకవైపు పోగులోంచి, అల్లు. కుట్టు మెలిపడి బిగుతు నిలుస్తుంది. తిరుగు వరసలో అదే కుట్టు పర్ల్‌గా వస్తుంది, దాన్నీ వెనక కాలులోంచే వెయ్యాలి, లేకపోతే సగమే మెలిపడుతుంది. చెయ్యి నొప్పెడుతుంది, నిజమే. మణికట్టూ కింది అంచూ మాత్రమే కదా, ఓర్చుకో.

ఇక మెడ. డిజైనులో ముందూ వెనకా ఒకే ఎత్తు, అందుకే పిల్లాడి గొంతుకి ఒత్తుకుంటోంది. పెంపులు మొదలుపెట్టకముందే వెనక నాలుగు అరవరసలు చేర్చు. మొదట 48 కుట్లు నిట్ అల్లి, అంటే రెండో చెయ్యి చివరిదాకా వెళ్ళి, వెనక్కి తిరుగు. దారం ముందుకి పెట్టి మొదటి కుట్టుని ఊరికే కుడి సూది మీదికి మార్చు, దారాన్ని పైనుంచి వెనక్కి గట్టిగా లాగు. ఆ కుట్టు రెండు కాళ్ళతో నిలబడినట్టు కనబడాలి. దారం మళ్ళీ ముందుకి తెచ్చుకుని పర్ల్ వేస్తూ మొదటి చెయ్యి చివరిదాకా వచ్చి, తిరుగు. తర్వాతి రెండుసార్లూ ఇంతకుముందు తిరిగిన చోటికి నాలుగు కుట్లు ఇవతలే తిరుగు. ఆ తర్వాత మామూలుగా వరస పూర్తి చేస్తూ ఆ రెండు కాళ్ళ కుట్టు ఎదురైనప్పుడల్లా రెండు కాళ్ళనీ కలిపి ఒకే కుట్టుగా అల్లు. లాగడం వదులైతే అక్కడ చిల్లు పడుతుంది. వెనక మెడ ఒకటిన్నర సెంటీమీటరు లేస్తుంది, చూడ్డానికి ఏమీ తెలియదు.

అన్నయ్యగారి సాక్సులు పాదం పైన బిగుతుగా ఉన్నాయన్నావు. కుట్లు పెంచకు. 64 కుట్లు సరైనవే, పాదం చుట్టుకొలత 22 సెంటీమీటర్లున్నప్పుడు సాక్సు 20 ఉండాలి, లేకపోతే బూటులో ముడుచుకుంటుంది. ఆయనకి మడమ నుంచి పాదం పైదాకా ఎత్తెక్కువ, అంతే. మడమ వెనక పట్టీ 32 కుట్ల మీద 32 వరసలు అల్లావు కదా, 36 చెయ్యి. ప్రతి వరసలో మొదటి కుట్టు అల్లకుండా జార్చడం వల్ల అంచున గొలుసులా వస్తుంది, ఆ గొలుసులో 16 బదులు 18 కుట్లు దొరుకుతాయి. మడమ మలుపు మారదు: 18 నిట్, రెండు కలిపి ఒకటి, ఒకటి నిట్, తిరుగు, ఒకటి జార్చి, 5 పర్ల్, రెండు కలిపి ఒకటి, ఒకటి పర్ల్, తిరుగు, ఇలా ఒక్కోసారి ఒక్కో కుట్టు ఎక్కువ అల్లుతూ పోతే 18 మిగులుతాయి. ఆ 18, పక్కలకి పద్ధెనిమిదేసి, పైన 32, మొత్తం 86. చుట్టు విడిచి చుట్టు రెండేసి తగ్గిస్తూ 11 సార్లకి మళ్ళీ 64కి వస్తావు. మూలల్లో చిల్లు పడకుండా అక్కడ ఒక్కో కుట్టు అదనంగా ఎత్తి, తర్వాతి చుట్టులోనే పక్కదానితో కలిపెయ్యి. దారం 75 శాతం ఊలు, 25 శాతం నైలాన్ ఉన్నది తీసుకో, ఉత్త ఊలు మడమ దగ్గర నెలల్లో చిరుగుతుంది. ఇక్కడికి వచ్చినప్పుడు మాత్రం ఆయన్ని ఆ సాక్సులతో మా పాలరాయి నేల మీద నడవనివ్వకు.

టోపీ గోపురంలా మొనదేలిందంటే చివరిదాకా వరస విడిచి వరసే తగ్గించావన్నమాట. 96 కుట్లని ఎనిమిది భాగాలు చేసి, 48 మిగిలేదాకానే అలా తగ్గించు. ఆపైన ప్రతి చుట్టులోనూ తగ్గించి 8కి తీసుకురా.

శాలువా సంగతే కాస్త తొందర. 100 గ్రాముల చిలపలో 50 గ్రాములు మిగిలాయి, 200 వరసల్లో 140 అయిపోయాయి, ఇక దారానికి ఢోకా లేదని రాశావు. ఉంది! మెడ దగ్గర మొదలయ్యే ముక్కోణంలో వరస వరసకీ వెడల్పు పెరుగుతుంది. సగం వరసలకి పావు వంతు దారమే పడుతుంది, 70 శాతం వరసలకి సగం. నీ లెక్కన 200 వరసలకి 102 గ్రాములు కావాలి. అది కూడా చివరి కుట్లు మూయడానికి కాకుండా. నీ లేసు డిజైను ఎనిమిదేసి వరసల గుంపు కాబట్టి 192 దగ్గర ఆపు, 94 గ్రాములవుతుంది. చివర్లో వరసకి ఒక గ్రాము లెక్కన పడుతుంది, వదులుగా మూయడానికి మూడు వరసల దారం అట్టే పెట్టుకున్నా ఇంకో మూడు గ్రాములు చేతిలో ఉంటుంది. 180 నుంచి ప్రతి నాలుగు వరసలకీ వంటింటి త్రాసు మీద ఉండని పెట్టి చూడు.

అయ్యాక చన్నీళ్ళలో ఇరవై నిమిషాలు నానబెట్టి, తువ్వాలులో నొక్కి, దుప్పటి మీద పరిచి ఐదేసి సెంటీమీటర్లకి పిన్ను గుచ్చు. పూర్తిగా ఆరేదాకా తియ్యకు. అదే అక్రిలిక్ అయితే నీళ్ళకి లొంగదు, ఇస్త్రీపెట్టె ఆవిరి రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తు నుంచి పట్టాలి. తగిలిందో, మెరుపొచ్చి చచ్చిపోతుంది, మళ్ళీ బాగుపడదు.

స్వెట్టరు మెడకి నర్సాపురం లేసులాంటి అంచు వెయ్యొచ్చా అన్నావు, భేషుగ్గా వెయ్యొచ్చు. 2024లో ఆ లేసుకి జీఐ గుర్తింపు, అదే పుట్టిన ప్రాంతం పేరుతో సరుకుకి ఇచ్చే గుర్తింపు, కూడా వచ్చింది. స్వెట్టరు నూలే వాడకు, మోటుగా ఉంటుంది. సన్నటి లేసు దారంతో, 2 మిల్లీమీటర్ల లోపు కొక్కెంతో అల్లు. మెడ కుట్టుకి ఒక్కో సింగిల్ క్రోషే ఒక చుట్టు వేసి, ఆ పైన గవ్వల ఆకారపు కుట్లు. ఇక్కడా అదే తిరకాసు ఉందే తల్లీ: అమెరికా వాళ్ళ సింగిల్‌ని ఇంగ్లండు వాళ్ళు డబుల్ అంటారు, అమెరికా డబుల్‌ని ఇంగ్లండులో ట్రెబుల్ అంటారు. డిజైను ఏ దేశానిదో చూసుకుని సూది పట్టు.

శాంపిల్ ముక్క ఉతికాక వచ్చిన రెండు అంకెలూ నాకు పంపు, కుట్లు, వరసలు. నీ పెంపులెన్నో, చంక కుట్లెన్నో ఆ రోజే రాసి పంపుతాను. బొత్తాలు అక్కడ కొనకు, జనరల్ బజారు నుంచి కొబ్బరి చిప్ప బొత్తాలు ఐదు తెచ్చి ఉంచాను, 15 మిల్లీమీటర్లవి.

నీ
వసు