సారథి సంగతులు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. మీ పాప హిందీ పాఠంలో వచ్చిన 'సారథి' అన్న మాటకి అర్థమేంటని అడిగావు. దానికి పెద్ద కథేం లేదు, సారథి అంటే అక్కడా సారథే, రథం తోలేవాడు, ఇంగ్లీషులో చారియటీర్. అయిపోయింది. కానీ సారథుల ఊసెత్తావు కాబట్టి నేను ఊరుకోను. కాఫీ కలుపుకుని కూర్చో.

మొన్న ఫోన్లో మీ ఆఫీసులో ఒకాయన్ని పట్టుకుని "అంతా శల్యసారథ్యంరా" అని, అంటే పక్కనే ఉండి నీరుగార్చే రకమని, తిట్టిపోశావు. శల్యుడి మీద మన కోపం సగం అన్యాయమని నా వాదన. ఆయన మాద్రికి తోబుట్టువు, నకుల సహదేవులకి సొంత మేనమామ. పాండవుల పక్షాన పోరాడదామనే సైన్యంతో బయల్దేరాడు. దారిపొడవునా విడిదులు, విందులు! ధర్మరాజు చేయించాడనుకుని మురిసిపోయి, ఈ ఏర్పాట్లు చేసినవాళ్ళకి ఏం కావాలన్నా ఇస్తానన్నాడు. తీరా చూస్తే ఎదురుగా దుర్యోధనుడు. మాట ఇచ్చేశాక ఇంకేం చేస్తాడు, అటు చేరాడు. ఆ సంగతి చెప్పడానికి వెళ్తే ధర్మరాజు ఏమడిగాడో తెలుసా? కర్ణుడికి సారథ్యం చేయాల్సి వస్తే అతని ఉత్సాహం నీరుగార్చమని. అడిగింది ధర్మరాజురా! తిట్లు మాత్రం శల్యుడికి.

యుద్ధం 17వ రోజున ఆ వేళ రానే వచ్చింది. మొదట శల్యుడు ఒప్పుకోలేదు. రాజునై ఉండి సూతపుత్రుడికి పగ్గాలు పట్టాలా అని అగ్గిమీద గుగ్గిలమై లేచి వెళ్ళిపోబోయాడు. దుర్యోధనుడు తక్కువవాడా, త్రిపుర సంహారంలో శివుడి రథాన్ని బ్రహ్మే తోలాడని చెప్పి, కృష్ణుడికన్నా నువ్వే గొప్పవాడివని ఉబ్బేశాడు. ఆయన మెత్తబడ్డాడు గానీ షరతు పెట్టాడు: నోటికొచ్చింది అంటాను, కర్ణుడు పడాలి.

అన్నాడు కూడా. ఎంగిలి మెతుకులు తిని బలిసిన కాకి ఒకటి, 101 రకాలుగా ఎగరగలనని హంసతో పందెం కాసిందట. సముద్రం మధ్యలో రెక్కలు పడిపోయి నీళ్ళలో మునుగుతుంటే ఆ హంసే జాలిపడి వీపున మోసుకొచ్చిందట. ఆ కాకివి నువ్వేనని కర్ణుడి మొహం మీదే చెప్పాడు. కర్ణుడూ ఊరుకోలేదులే, శల్యుడి మద్రదేశం వాళ్ళని ఏడు తరాలు ఎత్తి దులిపాడు.

ఇక నేను చెప్పదలచుకున్నది ఇదీ. కర్ణుడు సర్పముఖ బాణం ఎక్కుపెట్టినప్పుడు శల్యుడే అన్నాడు, ఇది అర్జునుడి మెడకి తగలదు, సరిచూసి వేయమని. కర్ణుడు రెండోసారి గురిచూడనన్నాడు. కృష్ణుడు రథాన్ని కిందికి అణిచాడు, గుర్రాలు మోకాళ్ళ మీద వాలాయి, కిరీటం ఎగిరిపోయింది, తల మిగిలింది. నోరు ఎంత చెడ్డదైనా ఆ ఘడియలో శల్యుడు తన పని సరిగ్గానే చేశాడు. వినడం కర్ణుడి వంతు.

నిజానికి సారథి పని నోటితోనే అయిపోయేదీ కాదు. 14వ రోజు సైంధవుడి కోసం పరుగులు పెడుతూ గుర్రాలు డస్సిపోతే, కృష్ణుడు నట్టనడి యుద్ధభూమిలో వాటిని రథం నుంచి విప్పేశాడు. అర్జునుడు బాణాలతో గూడు కట్టి, నేల చీల్చి నీళ్ళు తెప్పించాడు. కృష్ణుడు ఒక్కో గుర్రానికి గుచ్చుకున్న బాణాలు పీకి, చేతులతో ఒళ్ళు రుద్ది, నీళ్ళు తాగించి మళ్ళీ కట్టాడు. గీత చెప్పిన చేతులే మరి! నాకైతే విశ్వరూపం కన్నా ఈ ఘట్టమే ఇష్టం.

పాపకి మాత్రం శల్యుడి గొడవ చెప్పకు, నలుడి కథ చెప్పు. బాహుకుడి వేషంలో ఋతుపర్ణుడి రథం తోలుతుంటే రాజుగారి ఉత్తరీయం గాలికి ఎగిరిపోతుంది. ఆపవయ్యా, తెప్పించుకుంటానని రాజు అంటే, "అది ఆమడ దూరం వెనకపడింది మహారాజా" అంటాడు. ఆ మాటకి పాప నవ్విందో లేదో నాకు రాయి. ఉంటాను మరి. చెల్లెమ్మని అడిగానని చెప్పు.