ఏడు సీట్ల బండ్లకు మేము బిగించిన చక్రాల విషయంలో జరిగిన పొరపాటు, ఇకపై మేము పాటించే పద్ధతి

విజయవాడ ఆటోనగర్‌లోని మా టైర్ల దుకాణంలో గత రెండేళ్లలో టొయోటా ఇన్నోవా, కియా క్యారెన్స్, మారుతి ఎర్టిగా వంటి ఏడు సీట్ల బండ్లకు కంపెనీ చక్రాలు తీయించి కొత్త అల్లాయ్ చక్రాలు వేయించుకున్న వారందరికీ ఒక విషయం తెలియజేయవలసి ఉంది. బిల్లు పుస్తకాలు తిరగేసి, దొరికిన బండ్లను మళ్లీ కొలిచి చూసుకోగా, పద్నాలుగు బండ్లకు హబ్బు రింగు (ఇరుసు చివర చక్రం కూర్చునే హబ్బుకు, చక్రం మధ్య రంధ్రానికి నడుమ ఖాళీని నింపేది) వేయకుండా చక్రాలు బిగించామని, మరో మూడు బండ్లకు కంపెనీ నిర్ణయించిన దానికంటే తక్కువ బరువు మోసే టైర్లు వేశామని తేలింది. ఈ పదిహేడు ఇళ్లకూ నేనే స్వయంగా ఫోన్ చేస్తున్నాను. ఇప్పటికి పదకొండు మంది దొరికారు. కొందరి నంబర్లు మారిపోయాయి, రెండు బండ్లు చేతులు మారాయి, అందుకే అందరికీ చేరేలా ఇది రాస్తున్నాను. పొరపాటు పూర్తిగా మాదే.

విషయం బయటపడింది గుంటూరు బ్రాడీపేట నుంచి మా దగ్గరకు ఏళ్లుగా వస్తున్న ఒక మాస్టారి వల్ల. ఆయన ఇన్నోవా క్రిస్టాకు దసరా ముందు పదిహేడు అంగుళాల అల్లాయ్ చక్రాలు వేశాము. ఊళ్లో తిరిగినంత కాలం ఏ ఇబ్బందీ లేదు. సంక్రాంతి తరువాత ఇంటిల్లిపాదీ తిరుమల బయలుదేరితే, చిలకలూరిపేట దాటి వేగం ఎనభై అయిదు, తొంభై మధ్యకు వచ్చేసరికి స్టీరింగు వణకడం మొదలైంది. తిరిగొచ్చాక బండి మా దగ్గరకు తెచ్చారు. బ్యాలెన్సింగ్ చేశాము, నాలుగు చక్రాలకూ మిషను సున్నా చూపించింది, పంపేశాము. వారానికి మళ్లీ వచ్చారు, మళ్లీ సున్నాయే. మూడోసారి వచ్చినప్పుడు కూడా ఆయన కోపగించుకోలేదు. “బాబూ, నీ మిషను బాగుందంటోంది, నా చేతులు బాగాలేదంటున్నాయి. నువ్వు దేన్ని నమ్ముతావో చెప్పు” అన్నారు.

ఆ రోజు మిషను సంగతి పక్కనపెట్టి, బండిని లిఫ్టు మీదికి ఎక్కించి, ముందు చక్రం నట్లన్నీ తీసేసి, చక్రాన్ని చేత్తో హబ్బు మీద పెట్టి వదిలి చూశాను. కంపెనీ చక్రమైతే హబ్బు మధ్యలో పొడుచుకు వచ్చిన గుండ్రటి అంచు మీద టక్కున కూర్చుని కదలకుండా ఉంటుంది. ఇది మాత్రం కాస్త కిందికి జారి అయిదు బోల్టుల మీద వేలాడింది. హబ్బు అంచుకు, చక్రం మధ్య రంధ్రానికి నడుమ కింది వైపు సందులో నా జేబులోని పెన్సిలు దూరింది. కొలిస్తే చక్రం మధ్య రంధ్రం 73.1 మిల్లీమీటర్లు, టొయోటా హబ్బు 60.1 మిల్లీమీటర్లు ఉన్నాయి. ఈ వ్యాపారంలో ఇన్నేళ్లు ఉండి కూడా అంత పెద్ద సందును మూడుసార్లు చూడకుండా పంపించినందుకు ఆ మాస్టారికి అక్కడే చేతులు జోడించాను.

బయట దొరికే అల్లాయ్ చక్రాలను రకరకాల కార్లకు పనికివచ్చేలా మధ్య రంధ్రం పెద్దదిగా పెట్టి తయారు చేస్తారు. ఆ ఖాళీని నింపే రింగును బండికి తగినట్టు ఎంచి వేయవలసింది బిగించేవారే. రింగు లేనప్పుడు చక్రాన్ని మధ్యకు తెచ్చే పని మొత్తం నట్ల ఏటవాలు అంచుల మీద పడుతుంది. బండి బరువు నేలకు ఆనాక నట్లు బిగించినా, ఒక నట్టును గన్నుతో ముందే గట్టిగా పట్టించి తరువాత మిగిలినవి బిగించినా, చక్రం వెంట్రుకవాసి పక్కకు జరిగి అక్కడే స్థిరపడిపోతుంది. బ్యాలెన్సింగ్ మిషను చక్రాన్ని మధ్య రంధ్రంలో కోను దూర్చి పట్టుకుంటుంది కనుక, దాని మీద అదే చక్రం ఖచ్చితంగా కేంద్రం చుట్టూ తిరుగుతుంది, సున్నా చూపిస్తుంది. బండి మీదకు వచ్చేసరికి కేంద్రం మారిపోతుంది. ఆ తేడా ఊళ్లో నలభైలో తెలియదు, హైవే మీద తొంభైలో చేతికి తెలుస్తుంది.

మాస్టారి బండికి బయట 73.1, లోపల 60.1 కొలతలు గల అల్యూమినియం రింగులు వేసి, చక్రం గాలిలో ఉండగానే నట్లను నక్షత్రం గీసే వరుసలో చేత్తో పట్టించి, ఆఖరున బిగింపు ఎంతో కొలిచి చూపే టార్క్ రెంచితో కంపెనీ పుస్తకంలో ఉన్న లెక్కకు బిగించాము. ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని హైవే మీద నేనే నడిపి చూశాను, వణుకు పోయింది. ప్లాస్టిక్ రింగులు చవకగా దొరుకుతాయి, చాలా బండ్లకు బాగానే పనిచేస్తాయి కూడా. అయితే ఏడుగురితో శ్రీశైలం ఘాటు దిగే బండిలో బ్రేకుల వేడి హబ్బు వరకు వస్తుంది కనుక, ఈ తరహా బండ్లకు మేము అల్యూమినియం రింగులే వేస్తాము. అవి హబ్బుకు పట్టేయకుండా కొద్దిగా గ్రీజు పూయాలి, అంతే.

ఇదే సందర్భంలో మమ్మల్ని తరచుగా అడిగే ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఇన్నోవాకు, క్యారెన్స్‌కు రెండింటికీ అయిదు బోల్టులే, బోల్టుల వృత్తం కొలత, అంటే మనం పీసీడీ అనేది, రెండింటికీ 114.3 మిల్లీమీటర్లే. కాబట్టి ఒకదాని చక్రాలు సెకండ్ హ్యాండులో కొని మరొకదానికి వేసుకోవచ్చని చాలామంది అనుకుంటారు. కియా హబ్బు 67.1 మిల్లీమీటర్లు, టొయోటాది 60.1. ఇన్నోవా కంపెనీ చక్రం క్యారెన్స్ హబ్బు మీదికి ఎక్కనే ఎక్కదు. ఆటోనగర్‌లో లేతు మిషన్లకు కొదవ లేదు కనుక రంధ్రాన్ని కోయించి ఎక్కిద్దామనే ఆలోచన వస్తుంది. తయారీలో లెక్కకట్టి ఉంచిన లోహాన్ని చక్రం నడిబొడ్డున తగ్గించే ఆ పని మేము చేయము, చేయించి తెచ్చిన చక్రాన్ని బిగించము కూడా. క్యారెన్స్ చక్రం ఇన్నోవాకు వేయాలంటే 7 మిల్లీమీటర్ల తేడాను నింపే రింగు కావాలి, ఆఫ్‌సెట్ (చక్రం వెడల్పు నడిమి గీతకు, అది హబ్బుకు ఆనే ముఖానికి మధ్య మిల్లీమీటర్లలో దూరం) సరిపోవాలి, చక్రం వెనుక అచ్చుపోసిన బరువు అంకె ఇన్నోవా ఇరుసుకు చాలాలి. ఈ మూడూ కుదిరితేనే ఒప్పుకుంటాము.

రెండో పొరపాటు నన్ను ఎక్కువగా బాధించింది. క్రిస్టాలో చాలా రకాలకు 205/65 ఆర్16 టైరు, పై రకానికి 215/55 ఆర్17 టైరు కంపెనీ నుంచి వస్తాయి. కొలత పక్కన ఉండే రెండంకెల సంఖ్య ఆ టైరు మోయగల బరువుకు గుర్తు. మొదటిదాని మీద సాధారణంగా 95 ఉంటుంది, అంటే టైరుకు 690 కిలోలు. రెండోదాని మీద 94 ఉంటే 670 కిలోలు. పద్దెనిమిది అంగుళాల చక్రాలు కావాలని పట్టుబట్టిన ఒకరికి మేము 215/45 ఆర్18 వేశాము. దాని మీద ఉన్నది 89, అంటే 580 కిలోలు. వెనుక ఇరుసు మీది రెండు టైర్లూ కలిపి 1,380 కిలోలు మోయవలసినచోట 1,160 కిలోలు మోసేవి పెట్టామన్నమాట. ఆ తగ్గిన 220 కిలోలు మూడో వరుసలో కూర్చునే ముగ్గురు పెద్దవాళ్ల బరువుతో సమానం. షోరూములో నిలబెట్టిన బండికి ఇది కనిపించదు. మే నెలలో మన దగ్గర ఎండ నలభై అయిదు దాకా పోయినప్పుడు, సామానుతో, మనుషులతో నిండిన బండిలో గాలి నాలుగు పాయింట్లు తక్కువ ఉంటే, ఆ టైరు పక్కగోడ ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగి, వంగిన కొద్దీ వేడెక్కి, లోపలి దారాలు విడిపోవడం మొదలవుతుంది. టైరు పగిలితే నడిపేవారి తప్పుగా చెప్పుకుంటారు. ఈ సందర్భంలో అది ముందే మా బల్ల మీద జరిగిపోయింది.

అదే టైరు కొలతలోనూ తప్పింది. 205/65 ఆర్16 టైరు మొత్తం ఎత్తు సుమారు 673 మిల్లీమీటర్లు, 215/45 ఆర్18 ఎత్తు 651. మూడు శాతానికి పైగా చిన్నది కనుక స్పీడోమీటరు వంద చూపించినప్పుడు బండి నిజానికి 97 దగ్గర ఉంటుంది, నేలకు బండికి మధ్య ఎత్తు 11 మిల్లీమీటర్లు తగ్గుతుంది. 215/55 ఆర్17 అయితే 668 వస్తుంది, తేడా లెక్కలోకి రాదు. అందుకే క్రిస్టాకు చక్రం పెద్దది కావాలనుకునేవారికి పదిహేడు దగ్గర ఆగమనే చెబుతున్నాను. బండి తయారు చేసినవారే నడిపి చూసి పెట్టిన కొలత అది.

ఎర్టిగా సంగతి కొంచెం సూక్ష్మమైనది. దానికి వచ్చే 185/65 ఆర్15 టైరు ఎత్తు 621 మిల్లీమీటర్లకు కాస్త పైన, బరువు గుర్తు 88, అంటే 560 కిలోలు. అదే ఇంటి బండి కదా అని మారుతి ఎక్స్‌ఎల్6 కారుకు వచ్చే 195/60 ఆర్16 అడుగుతారు. దాని ఎత్తు 640, మూడు శాతం పెద్దది. 195/55 ఆర్16 అయితే ఎత్తు దాదాపు సమానంగా సరిపోతుంది. కానీ అందులో మామూలు రకం మీద 87 ఉంటుంది, 545 కిలోలే. టైరు మీద ఎక్స్‌ఎల్ (ఎక్స్‌ట్రా లోడ్) గుర్తున్న బలమైన రకం మీద 91 ఉంటుంది, 615 కిలోలు. కొలత ఒకటే అయినా రెండు టైర్లూ ఒకటి కావు. రెండో రకమే వేయించుకోండి, దానికి గాలి కొంచెం ఎక్కువ పట్టాలని గుర్తుంచుకోండి. మా గోడౌనులో మొదటి రకం ఎర్టిగా పేరు మీద ఇక ఉండదు.

ఆఫ్‌సెట్ విషయంలో మా పని తీరు కూడా మార్చాము. ఏడు అంగుళాల వెడల్పు, 45 ఆఫ్‌సెట్ ఉన్న చక్రం తీసి ఏడున్నర అంగుళాల వెడల్పు, 35 ఆఫ్‌సెట్ ఉన్నది వేస్తే బయటి అంచు 16 మిల్లీమీటర్లకు పైగా బయటకు వస్తుంది. చూడటానికి బండి వెడల్పుగా, నిండుగా కనిపిస్తుంది. మోసే బేరింగు మీద మాత్రం భారం పెరుగుతుంది, గుంటలో పడినప్పుడు స్టీరింగు గుంజుతుంది, నిండా మనుషులు కూర్చున్నప్పుడు టైరు మడ్‌గార్డు అంచును తాకవచ్చు. ఇదివరకు మేము ఖాళీ బండిలో స్టీరింగు రెండు వైపులా తిప్పి చూసి సరేననేవాళ్లం. ఇప్పుడు మూడో వరుసలోను, డిక్కీలోను ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తాలు పది వేసి, మడ్‌గార్డు లోపలి అంచుకు సుద్దముక్క రాసి, స్పీడు బ్రేకర్ల మీదుగా ఒక చుట్టు తిప్పి తెస్తున్నాము. సుద్ద చెరిగితే ఆ చక్రం ఆ బండికి కాదు. దీనికి ముప్పావు గంట అదనంగా పడుతుంది, దయచేసి ఓపిక పట్టండి.

నట్ల గురించి ఒక మాట చెప్పాలి. కంపెనీ అల్లాయ్ చక్రాల్లో కొన్నిటికి చదునైన వాషరుతో కూడిన నట్లు, బయటి చక్రాలకు ఎక్కువగా ఏటవాలు అంచున్న నట్లు వస్తాయి. ఒకదాని నట్టు మరొకదానికి మర అయితే పడుతుంది, చక్రానికి ఆనవలసినచోట ఆనదు. మీ స్టెప్నీ ఇంకా కంపెనీ చక్రమే అయితే దానికి సరిపడే పాత నట్లు అయిదింటిని చిన్న సంచిలో కట్టి జాకీ పక్కన పెట్టుకోండి. రాత్రిపూట హనుమాన్ జంక్షన్ దగ్గర పంక్చరైతే అవే అక్కరకొస్తాయి. పాత నట్లు మా దగ్గరే ఉండిపోయినవారికి పేరు చీటీ అంటించి భద్రపరిచాము.

ధరల విషయానికి వస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది, మా బిల్లులో అలాగే ఉంటుంది. టైరు పక్కగోడ మీద అచ్చులో ఉండే ఆఖరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం తెలుపుతాయి. 1425 అంటే 2025లో పద్నాలుగో వారం. తయారై ఏడాది దాటినదాన్ని కొత్త టైరు ధరకు మేము అమ్మము. బిగించే ముందు ఆ అంకెలను మీరే చదివి బిల్లు మీద రాయించుకోండి.

పై పదిహేడు బండ్లలో రింగులు లేనివాటికి రింగులు, నట్ల బిగింపు, బ్యాలెన్సింగ్ ఉచితంగా చేస్తాము, చేసిన తరువాత సుమారు వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ వస్తే నట్లు సరిచూస్తాము. తక్కువ బరువు టైర్లు వేసిన మూడు బండ్లకు టైర్లు, అవసరమైతే చక్రాలు కూడా మా ఖర్చుతోనే మారుస్తాము. వాటిలో ఒక కుటుంబం వేసవి సెలవుల్లో అరకు వెళ్లాలనుకుంటున్నామని చెప్పింది. బండి మా దగ్గరకు వచ్చేవరకు ఆ ప్రయాణం ఆపమని వేడుకున్నాను, వారు ఒప్పుకున్నారు. మీ బండి ఈ పదిహేడింటిలో ఉందో లేదో తెలియకపోతే, ఇంకెక్కడైనా వేయించుకున్న చక్రాలైనా సరే, తీసుకురండి, చూసి చెబుతాము. ఉదయం తొమ్మిది లోపు వస్తే టైర్లు ఇంకా చల్లగా ఉంటాయి కనుక, డ్రైవరు తలుపు పక్కన అంటించి ఉన్న లెక్కతో గాలిని సరిగా పోల్చవచ్చు. వచ్చేటప్పుడు స్టెప్నీని సామాను కింద వదిలేయకుండా బయటకు తీయడానికి వీలుగా డిక్కీ ఖాళీ చేసుకుని రండి.