ఆ రికార్డులు ఏమయ్యాయి?

సంపాదకుడు గారికి,

మా నాన్న హైదరాబాద్ శివార్లలోని సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో 22 ఏళ్లు ఆస్‌బెస్టాస్ సంచులు కోసి మిషన్‌లో పోసే పని చేశారు. రిటైరైన చాలా ఏళ్లకు ఊపిరితిత్తుల పొరకు వచ్చే క్యాన్సర్‌తో పోయారు. మరణ కారణం కాగితంలో మాత్రం ‘గుండె, శ్వాస ఆగడం’ అని రాశారు, ఎవరికైనా చివరికి ఆగేవి అవే కదా! పరిహారం అడుగుదామంటే ఈ క్యాన్సర్ తెచ్చే ఆ ఆస్‌బెస్టాస్ దుమ్ములో ఆయన పనిచేశారని మేమే రుజువు చేయాలట. ట్రంకు పెట్టె బోర్లిస్తే పీఎఫ్ చీటీ, అంచులు చిరిగిన గేట్ పాసు, ఒకదానికొకటి అతుక్కుపోయిన రెండు ఎక్స్‌రేలు దొరికాయి. కార్మికుల ఆరోగ్య రికార్డులు ఉద్యోగంలో చేరినప్పటి నుంచి 40 ఏళ్లు లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాతైతే అప్పటిదాకా ఉంచాలని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఫ్యాక్టరీలో అడిగితే ‘పాతవి లేవు’ అన్నారు. ఈ జబ్బు బయటపడడానికే చాలాసార్లు 20 నుంచి 40 ఏళ్లు పడుతుందండీ. నాన్నతో పనిచేసినవాళ్లు ఇద్దరే మిగిలారు, వాళ్లకీ ఆయాసమే, అందుకే ముందు వాళ్ల వాంగ్మూలాలు నోటరీ చేయించాను. నాలాంటి వాళ్లెవరైనా ఉంటే, ఆస్పత్రి పారేయకముందే బయాప్సీ బ్లాకు (పరీక్షకు తీసి మైనంలో భద్రపరిచిన కణజాలం ముక్క) అడిగి తెచ్చుకోండి. కార్మిక శాఖ ఆ రికార్డుల సంగతి ఫ్యాక్టరీకి వెళ్లి తేల్చాలి.

- ఒక కార్మికుడి కూతురు, హైదరాబాద్