డిశ్చార్జి కాగితంలో ఆ ఒక్క అంకె ఏది?

కాలేయ క్యాన్సర్ ఆపరేషన్‌కు ముందు చేసిన ఏఎఫ్‌పీ (ఈ క్యాన్సర్ ఉన్న చాలామంది రక్తంలో పెరిగే ఒక ప్రొటీన్) రక్తపరీక్ష విలువ రాయకుండానే రోగిని డిశ్చార్జి చేయడం సరికాదు. మా అన్నయ్యకు గడ్డ తీసేసిన నెలన్నరకు ఏఎఫ్‌పీ 38 వచ్చింది. 'ముందు ఎంత ఉండేది?' అని డాక్టర్ అడిగితే వదిన కవర్లోని కాగితాలన్నీ బల్ల మీద పరిచింది. స్కాన్లున్నాయి, బిల్లులున్నాయి, ఆ ఒక్క అంకె లేదు. 38 అంటే వేలల్లోంచి దిగిందా, పదిలోంచి పెరిగిందా? మళ్లీ స్కాన్ తీసేదాకా ఆ టెన్షన్‌తో ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. గడ్డ పూర్తిగా పోతే ఏఎఫ్‌పీ సుమారు 5 నుంచి 7 రోజులకోసారి సగానికి పడుతూ రావాలి; పడకపోయినా, పడి మళ్లీ పెరిగినా జబ్బు మిగిలిందనో తిరగబెట్టిందనో అనుమానించాలి. హెపటైటిస్‌లోనూ ఇది పెరుగుతుంది, కొందరికి క్యాన్సర్ ఉన్నా పెరగదు. అలాంటివారికి పివ్కా-2 అనే మరో రక్తపరీక్ష అక్కరకొస్తుంది. ఆపరేషన్ ముందటి విలువను తేదీ, యూనిట్‌తో సహా డిశ్చార్జి కాగితం మొదటి పేజీలోనే రాయాలి. మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి పరీక్షకు ఎప్పుడు రావాలో తేదీలు వేసివ్వాలి. రెండు తెలుగు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలు దీన్ని ప్రైవేటు ఆస్పత్రులకూ, ప్రభుత్వ పథకాల కింద చేసే ఆపరేషన్లకూ తప్పనిసరి చేయాలి.

— ఒక పాఠకురాలు, ఖమ్మం