వెండితెర భీమ్, జోడేఘాట్ భీమ్

తల్లిదండ్రులకు నమస్కారం.

తొమ్మిదో తరగతి సాంఘికశాస్త్రం పీరియడ్లలో ఈ నెల ‘ఆర్.ఆర్.ఆర్.’ సినిమా మీద చర్చ జరిగింది. పరీక్షల ముందు సినిమా కబుర్లేమిటని కొందరు తల్లిదండ్రులు నన్ను అడిగారు. అడగడం న్యాయమే కనుక, అందరికీ వివరంగా చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

2022 మార్చిలో విడుదలైన ఈ చిత్రంలో అల్లూరి సీతారామరాజు, కొమురం భీమ్ ఢిల్లీలో స్నేహితులై తెల్లదొరలను ఎదిరిస్తారు. ఇది కల్పిత కథ అని చిత్రబృందం ముందే చెప్పింది, ఆ స్వేచ్ఛను మేము తప్పుపట్టడం లేదు. అయితే భీమ్ నిజంగా తలపడింది నిజాం ప్రభుత్వ సిబ్బందితో. పోడు సాగుకు, పశువుల మేతకు అడ్డుపడిన అటవీ నిబంధనలను ఎదిరిస్తూ 1940లో జోడేఘాట్ కొండల్లో ఆయన ప్రాణాలు విడిచాడు. శత్రువు పరాయి దొర అయినప్పుడు హాల్లో కూర్చున్న మనమందరం తేలికగా భీమ్ పక్షాన నిలబడతాం. అడవి మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న అలా కాదు, అది దొరలు వెళ్లిపోయాక కూడా మిగిలే ప్రశ్న. సినిమాలో ఆ ప్రశ్న స్వాతంత్ర్య నినాదంలో కలిసిపోయిందని నా అభిప్రాయం.

చర్చంతా ఒక్క సన్నివేశం దగ్గర ఆగిపోయింది. చివర్లో ఏం కావాలో కోరుకొమ్మని రామ్ అడిగితే, తనకూ తనవాళ్లకూ చదువు కావాలంటాడు భీమ్. వెనక బెంచీలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి, “భీమ్‌కు చదువు రాదని ఎవరు చెప్పారు సార్?” అని అడిగింది. మా ఉపాధ్యాయుడు వెంటనే జవాబు చెప్పకుండా, పిల్లలను గ్రంథాలయానికి పంపారు. చాందా పట్టణంలో అచ్చుపని చేసే విఠోబా దగ్గర భీమ్ చదవడం, రాయడం నేర్చుకున్నాడని ఆయన జీవితగాథల్లో ఉన్న సంగతి వారే వెతికి తెచ్చారు. గోండు వీరుణ్ణి బలానికీ అమాయకత్వానికీ, రామ్‌ను తెలివికీ ప్రతీకలుగా చూపడం వెనుక మనకు తెలియకుండానే అలవాటైన చూపు ఒకటి ఉందని పిల్లలు గుర్తించారు. మన్యంలో అల్లూరి వెంట నడిచిన గాం గంటందొర, మల్లుదొరల పేర్లు సినిమాలో వినిపించవని మరొకరు గుర్తుచేశారు. అక్తర్ పేరుతో ఉన్న భీమ్‌కు ఆశ్రయమిచ్చిన ముస్లిం కుటుంబం మాత్రం చాలామందికి నచ్చింది. ముగింపు పాటలో సుభాష్ చంద్రబోస్, పటేల్, భగత్ సింగ్ కనిపించి గాంధీజీ కనిపించకపోవడం మీద వాదన ఇంకా తెగలేదు. దాన్ని తేల్చే ఉద్దేశం మాకూ లేదు.

పిల్లలు రాసిన సమీక్షలను వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో చదువుతారు. ఆలోగా ఇంట్లో సినిమా పెట్టినప్పుడు దయచేసి పక్కన కూర్చుని, వాళ్ల ప్రశ్నలు వినండి. మీ ఇళ్లలో ఆదిలాబాద్ వైపు నుంచి గానీ, మన్యం నుంచి గానీ వచ్చిన పెద్దలుంటే, వారు విన్న కథలు తరగతిలో చెప్పడానికి శుక్రవారం మూడో పీరియడ్‌ను ఖాళీగా ఉంచాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు