ఫ్యూచర్ సౌండ్ ఆఫ్ లండన్ కొత్త రికార్డులు ఇక తెప్పించను

మా పాత ఖాతాదారులకు, కొత్తగా చేరినవారికి నమస్కారం.

ఫ్యూచర్ సౌండ్ ఆఫ్ లండన్ అనే బ్రిటిష్ ఎలక్ట్రానిక్ సంగీత జంట గురించి మీరు అడుగుతున్నవి రెండే. పాత ఎల్పీలకు అంత ధర ఎందుకు? కొత్తవి ఎప్పుడు వస్తాయి? పాతవి దొరికినప్పుడల్లా తెస్తాను. కొత్తవి మాత్రం ఇక తేను.

ముందు పాతవాటి సంగతి. ఆ జంట గ్యారీ కోబెయిన్, బ్రయాన్ డూగన్స్ 1980ల నడుమ మాంచెస్టర్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుకునే రోజుల్లో కలిశారు. 1991లో వచ్చిన 'పాపువా న్యూ గినీ' పాట వాళ్లకు పేరు తెచ్చింది. అందులోని ఆలాపన డెడ్ కెన్ డాన్స్ బృందం గాయని లీసా జెరార్డ్‌ది, కింది స్థాయిలో మోగే బేస్ ధ్వని 'మీట్ బీట్ మానిఫెస్టో' బృందం పాటలోది. రెండూ అరువు సొత్తే. అయినా ఆ సింగిల్ బ్రిటన్ అమ్మకాల పట్టికలో 22వ స్థానం దాకా వెళ్లింది, వెంటనే వర్జిన్ రికార్డు కంపెనీ వాళ్లతో ఒప్పందం కుదుర్చుకుంది.

అలాంటి డాన్సు పాట ఇంకొకటి చేసి ఇస్తే కంపెనీ సంతోషించేది. వీళ్లు 1994లో 'లైఫ్‌ఫామ్స్' అనే జంట ఆల్బమ్ ఇచ్చారు. నీటి చప్పుళ్లు, పక్షుల కూతల వంటి ధ్వనులు, మధ్యలో ఎక్కడో తాళం. అదే 6వ స్థానానికి చేరింది! మా దుకాణానికి వచ్చి ఆంబియంట్ సంగీతం (తాళం కన్నా వాతావరణానికి ప్రాధాన్యమిచ్చే నెమ్మది సంగీతం) ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవారి చేతిలో నేను పెట్టేది ఇదే. ధర కిటుకు కూడా ఇక్కడే ఉంది. రాక్ రికార్డుపై సన్నటి గీత ఉన్నా గిటారు హోరులో కలిసిపోతుంది. ఇలాంటి నెమ్మది సంగీతంలో ప్రతి చిటపటా వినిపిస్తుంది. అందుకే గీతలు పడిన ప్రతులు నేను కొనను. శుభ్రమైనవి చవకగా దొరకవు.

'ఐఎస్‌డీఎన్' ఆల్బమ్ అడిగేవారు జాగ్రత్త. ఊరూరా తిరిగి కచేరీలు చేయడం వీళ్లకు ఇష్టం లేదు. ఉత్తర లండన్‌లోని డాలిస్ హిల్ స్టూడియోలోనే కూర్చుని, ఐఎస్‌డీఎన్ అనే డిజిటల్ టెలిఫోను లైన్ల ద్వారా రేడియో స్టేషన్లకు కచేరీలు పంపారు. ఇంటర్నెట్ ఇంకా ఇళ్లలోకి రాని కాలమది. ఆ ప్రసారాలతో కూర్చిన ఆల్బమ్‌ను 1994 చివర్లో 10,000 ప్రతులకే పరిమితం చేశారు. మరుసటి ఏడు వచ్చిన ముద్రణలో పాటల జాబితా కొంత మారింది. నా దగ్గరున్నది రెండోది, దానికి మొదటిదాని ధర అడగను.

1996 నాటి 'డెడ్ సిటీస్' తర్వాత చాలాకాలం చప్పుడు లేదు. 2002లో వీళ్లదే మరో పేరైన అమార్ఫస్ ఆండ్రోజినస్‌తో, సితార్ మోగే సైకడెలిక్ (1960ల నాటి మత్తు కలల ధోరణి) ఆల్బమ్ 'ది ఇస్‌నెస్' వచ్చింది. యంత్రాల మోత కోరుకున్న అభిమానులు గొణుక్కున్నారు. నాకు సగమే నచ్చింది, అందుకే ఎవరికీ అంటగట్టను.

2007 తర్వాత వాళ్ల పద్ధతే మారింది. పాత టేపుల్లో మిగిలిన సంగీతాన్ని, 'ఎన్విరాన్‌మెంట్స్' అనే ఆల్బమ్‌ల వరసను సొంత వెబ్‌సైటులో అమ్ముతున్నారు. అక్కడ ఫైళ్లు నేరుగా దొరుకుతాయి. నా చేతుల మీదుగా రికార్డుగా వస్తే ఓడ ఖర్చు, కస్టమ్స్ సుంకం, నా లాభం అన్నీ మీ నెత్తినే. పైగా ఆ లాభం సంగీతకారులకు వెళ్లదు. దుకాణదారు ఇలా చెప్పడం విడ్డూరంగా ఉండవచ్చు కానీ కొత్తవి వాళ్ల దగ్గరే కొనండి.

'ఎన్విరాన్‌మెంట్స్' కోసం అడ్వాన్సు కట్టినవారికి డబ్బు తిరిగి పంపుతున్నాను. వేరే రికార్డుకు సర్దుకోవాలనుకుంటే ఆదివారంలోగా ఫోను చేయండి. వచ్చే పార్సిల్లో రెండు 'లైఫ్‌ఫామ్స్' ఉన్నాయి. ఒకదాని అట్ట అంచు నలిగింది, దాని ధర తగ్గిస్తాను.